లూవెన్ యాత్రకు సన్నాహం

కాశీకి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమనే సామెత పుట్టిన కాలంలో యాత్ర చేయుట సామాన్య విషయం కాదు. పొలం ఎవరికి అప్పగించవలెనో, అప్పులు ఎవరు తీర్చవలెనో నిర్ణయించుకొని, పోయే త్రోవలోని క్షేత్రాల మాహాత్మ్యాన్ని పెద్దల వలన విని, ఆ తరువాతనే గడప దాటేవారు. అందుచేత చేరిన చోట వారికి కనిపించిన రాయి వట్టి రాయి కాదు. అది వారు అంతకు ముందే విన్న కథకు సాక్ష్యం. నేడు హైదరాబాదులో రాత్రి విమానమెక్కినవాడు మరునాడు ఐరోపా ఖండంలో దిగుతున్నాడు. ప్రయాణ కాలం తగ్గినది, సంతోషమే. కాని దానితోపాటు సన్నాహం కూడ తగ్గినది. ఇది నాకు విచారం కలిగించే విషయం. నాలుగు దినాలలో అయిదు నగరాలు చూచి, ప్రతి కట్టడం ముందు ఒక ఛాయాచిత్రం తీసుకొని వచ్చినవారిని "ఏమి చూచితిరి?" అని అడిగినచో, ఛాయాచిత్రాలు చూపుటయే తప్ప మాట చెప్పలేకపోతున్నారు. ఇది వారి బుద్ధి లోపం కాదు, సన్నాహ లోపం.

మన కళాశాలలో చదివినవారు ఇప్పుడు ఐరోపా విశ్వవిద్యాలయాలకు ఉపకార వేతనాలపై పోతున్నారు. పోదలచుకొన్నవారు ఇంకను ఎక్కువ. అట్టి వారిని దృష్టిలో ఉంచుకొని, ఒక ప్రాచీన నగరాన్ని చూచుటకు ఏ విధంగా సిద్ధపడవలెనో ఒక ఉదాహరణతో వివరించుట ఈ వ్యాసం ఉద్దేశం. ఉదాహరణకు నేను ఎన్నుకొన్నది బెల్జియం దేశంలోని లూవెన్ నగరం. ఫ్లెమిష్ నగరాలను చూడబోయే వారు సాధారణంగా బ్రూజ్‌కో, గెంట్‌కో, ఆంట్‌వెర్ప్‌కో పోతారు. అవి సుందర నగరాలే. కాని విద్యార్థి అయినవాడు, అందులోను రెండు భాషల నీడలో చదువుకొన్న మన కళాశాల విద్యార్థి, మొదట చూడదగిన నగరం లూవెన్ అని నా నిశ్చితాభిప్రాయం. దానికి కారణాలు క్రమంగా మనవి చేస్తాను.

లూవెన్ బ్రస్సెల్స్ నగరానికి తూర్పుగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో డైల్ నది ఒడ్డున ఉన్నది. మధ్యయుగంలో ఇది ఫ్లాండర్స్ ప్రభువుల ఏలుబడిలోనిది కాదు. బ్రబాంట్ ప్రభువుల నగరం. నేడు ఫ్లెమిష్ బ్రబాంట్ రాష్ట్రానికి ముఖ్య పట్టణం. ఇక్కడి ప్రజల భాష డచ్. ఫ్రెంచివారు ఇదే నగరాన్ని లూవేఁ అని పిలుస్తారు. ఒకే ఊరికి రెండు పేర్లు ఉండుట మనకు వింత కాదు. కాని ఆ రెండు పేర్ల వెనుక ఎంత చరిత్ర దాగి ఉన్నదో తెలియకుండ అక్కడికి పోయినవాడు ఊరిలో సగమే చూచినవాడవుతాడు.

మొదట లౌకికమైన ఏర్పాట్లు చెప్పుకొందాము. భారత పౌరులకు బెల్జియం పోవుటకు షెన్‌గెన్ వీసా కావలెను. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండి దరఖాస్తు చేయవచ్చును. పదిహేను దినాల కంటె తక్కువ గడువు ఉండరాదు. కనీసం 30,000 యూరోలకు వైద్య బీమా ఉండవలెను. జర్మనీలోనో ఫ్రాన్సులోనో చదువుకొంటూ అక్కడి నివాసానుమతి పొందినవారికి ఈ కొద్దిపాటి యాత్రకు వేరే వీసా అక్కరలేదు. బ్రిటన్‌లోనో ఐర్లండ్‌లోనో ఉన్నవారికి కావలెను. ఈ భేదం తెలియక చివరి దినాలలో ఇబ్బంది పడకూడదు. బ్రస్సెల్స్ విమానాశ్రయం నుండి లూవెన్‌కు నేరుగా రైలు ఉన్నది, పావుగంట ప్రయాణం. ఇంత దగ్గర అగుటయే ఈ నగరానికి శాపమైనది. బ్రస్సెల్స్‌లో బస చేసి, మధ్యాహ్నం వచ్చి, సాయంకాలానికి తిరిగి పోయేవారే ఎక్కువ. అట్లు చేయవద్దు. రెండు రాత్రులైనా ఊరిలో ఉండవలెను. శీతకాలంలో సాయంకాలం అయిదు గంటలకు ముందే చీకటి పడుతుంది. వేసవిలో రాత్రి పది గంటల వరకు వెలుగు ఉంటుంది. వేసవిలో వెలుగు ఉన్నా విద్యార్థులు ఉండరు. విద్యార్థులు లేని లూవెన్ నీరు లేని చెరువు వంటిది. కనుక విశ్వవిద్యాలయం తెరచిన తరువాత, అక్టోబరు మాసంలో పోవుట మేలు.

రెండవ సన్నాహం చదువు. లూవెన్ విశ్వవిద్యాలయం 1425వ సంవత్సరంలో స్థాపితమైనది. 2025లో ఆరు వందల ఏండ్ల పండుగ జరుపుకొన్నది. ఈ ఆరు శతాబ్దాలు ఒకే తీరున సాగలేదు. 1797లో ఫ్రెంచి పాలకులు దానిని మూసివేసినారు. తరువాత 1835లో కాథలిక్ విశ్వవిద్యాలయం మరల ఈ ఊరికి వచ్చినది. ఇక్కడి మనుష్యులలో నలుగురైదుగురిని ముందుగా పరిచయం చేసుకొన్నచో వీధులు మనతో మాట్లాడుతవి. థామస్ మోర్ వ్రాసిన 'యుటోపియా' గ్రంథం 1516లో మొదటిసారి అచ్చయినది ఈ ఊరిలోనే, డిర్క్ మార్టెన్స్ ముద్రణాలయంలో. మహా పండితుడు ఎరాస్మస్ 1517 నుండి 1521 వరకు ఇక్కడ నివసించినాడు. నేడు మన పిల్లలు పొందుతున్న ఎరాస్మస్ ఉపకార వేతనానికి ఆయన పేరే పెట్టినారు. శరీర నిర్మాణ శాస్త్రాన్ని తిరిగి వ్రాసిన వెసాలియస్ ఇక్కడ విద్యార్థి; ఊరి వెలుపల ఉరికంబం మీద మిగిలిన అస్థిపంజరాన్ని రహస్యంగా తెచ్చుకొని పరిశీలించిన సాహసి. భూగోళ పటాల మెర్కేటర్ ఇక్కడ చదివినవాడే. 1544లో మతద్రోహ నేరారోపణపై నెలల తరబడి కారాగారంలో ఉన్నవాడు. విశ్వం నిరంతరం విస్తరిస్తున్నదని 1927లోనే లెక్క కట్టి చెప్పిన జార్జ్ లెమైత్రే ఈ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. ఆయన వ్యాసం ఫ్రెంచి భాషలో, అంతగా ప్రచారం లేని పత్రికలో అచ్చయినందున, 1931లో ఆంగ్లంలోకి వచ్చేదాక లోకం గమనించలేదు. ఒక సత్యం పుట్టిన భాష వేరు, అది నడచిపోవలసిన భాషలు వేరు అని ఈ సంగతి మనకు బోధిస్తున్నది.

ఎరాస్మస్ ప్రోత్సాహంతో, బుస్లైడెన్ అనే దాత మరణశాసనం ప్రకారం, ఇక్కడ 1517లో ఒక త్రిభాషా కళాశాల వెలసినది. లాటిన్, గ్రీకు, హీబ్రూ భాషలను మూలం నుండి చదివి, గ్రంథాల అసలు పాఠాన్ని తేల్చుకొనవలెనన్నది దాని ఆశయం. ఆనాటి మత పండితులు కొందరు దీనిని అనుమానంతో చూచినారు. అయినను అది నిలిచినది. పారిస్ నగరంలో ఫ్రెంచి రాజు 1530లో ఏర్పరచిన రాజ కళాశాలకు అదే ఆదర్శమైనది. త్రిభాషా సూత్రమనగానే ముఖం చిట్లించుకొనే మన విద్యార్థులు, అయిదు వందల ఏండ్ల క్రిందట మూడు భాషలు నేర్చుట విద్యార్థికి భారం కాదు, స్వాతంత్ర్యమని భావించినవారు ఉండిరని ఇక్కడ తెలిసికొనవలెను.

ఇక చూచే క్రమం. రైలు దిగి నగర మధ్యానికి నేరుగా పోయే వీధి పేరుకు 'మిత్రరాజ్యాల వీధి' అని అర్థం. ఆ పేరు ఎందుకు వచ్చినదో ఇండ్ల గోడలు చెప్పుతవి. 1914 అనే అంకె చెక్కిన చిన్న రాళ్ళు అక్కడక్కడ కనిపిస్తవి. ఆ యేట తగులబడి, తిరిగి కట్టిన ఇండ్లకు అవి గుర్తులు. వీధి చివర నగర మందిరం. 1448 నుండి 1469 వరకు కట్టిన ఈ భవనం రాతితో అల్లిన జలతారు వలె ఉంటుంది. దాని గూళ్ళలో 236 విగ్రహాలున్నవి. కాని గూళ్ళు నాలుగు వందల ఏండ్లు దాదాపు ఖాళీగానే ఉండి, పందొమ్మిదవ శతాబ్దపు ద్వితీయార్ధంలో నిండినవని తెలిసినవాడు దానిని వేరు కన్నుతో చూస్తాడు. ఎదుట సెయింట్ పీటర్ చర్చి. అందులో డిర్క్ బౌట్స్ 1464-68 మధ్య చిత్రించిన 'కడపటి విందు' ఉన్నది. చిత్రకారుడు ఏ చర్చి కోసం వ్రాసెనో ఆ చర్చిలోనే నేటికిని ఉండుట దాని విశేషం. దాని ప్రక్క పలకలు కాలక్రమాన జర్మనీకి చేరి, మొదటి ప్రపంచ యుద్ధానంతరం వెర్సేల్స్ సంధి 247వ అధికరణం ప్రకారం తిరిగి వచ్చినవి. ఆ అధికరణంలోనే మరొక వాక్యం ఉన్నది. ఆ వాక్యమే మనలను గ్రంథాలయం దగ్గరకు తీసుకొనిపోతుంది.

1914 ఆగస్టు 25వ తేదీ రాత్రి జర్మను సైనికులు లూవెన్‌కు నిప్పు పెట్టినారు. ఆ దినాలలో 248 మంది పౌరులు హతులైనారు. మధ్యయుగపు వస్త్ర వర్తకుల మందిరంలో ఉన్న విశ్వవిద్యాలయ గ్రంథాలయం భస్మమైనది. రెండు లక్షలకు పైబడిన గ్రంథాలు, అందులో అమూల్యమైన వ్రాతప్రతులు, ముద్రణ పుట్టిన తొలి దినాల పుస్తకాలు బూడిదైనవి. నష్టపోయిన వానికి సంఖ్యలోను విలువలోను సరితూగే గ్రంథాలను జర్మనీ ఇచ్చుకొనవలెనని సంధిపత్రం శాసించినది. అమెరికాలోని పాఠశాలలు, కళాశాలలు చందాలు పోగుచేసి కొత్త భవనానికి సాయపడినవి. వాటి పేర్లు నేటికిని గోడ రాళ్ళ మీద చదువుకొనవచ్చును. విట్నీ వారెన్ అనే అమెరికా శిల్పి రూపకల్పన చేసిన ఆ భవనం 1928 జూలై 4వ తేదీన తెరువబడినది.

ఆ సందర్భంలో ఒక వివాదం జరిగినది. యాత్రికులు తప్పక తెలిసికొనవలసిన విషయమిది. జర్మనుల క్రోధం కూల్చినది, అమెరికా దానం నిలిపినది అనే భావంతో ఒక లాటిన్ వాక్యాన్ని భవనం పిట్టగోడ మీద చెక్కవలెనని శిల్పి పట్టుపట్టినాడు. విశ్వవిద్యాలయాధిపతి లాడ్యూజ్ అంగీకరించలేదు. విద్యాలయం నొసట ద్వేషం వ్రాయరాదని ఆయన పక్షం. పిట్టగోడ అక్షరాలు లేకుండ వెలసినది. శిల్పి పక్షం వారు దానిని పగులగొట్టినారు కూడ. చివరకు అక్షరాలు లేని గోడయే నిలిచినది. ఇంతటి నిగ్రహం చూపిన ఆ గ్రంథాలయం 1940 మే నెలలో రెండవసారి తగులబడినది. సుమారు తొమ్మిది లక్షల గ్రంథాలు పోయినవి. మంచితనానికి వెంటనే ఫలం దొరుకుతుందని చరిత్ర ఎక్కడను హామీ ఇవ్వదు. అయినను ఆ అధిపతి నిర్ణయమే సరియైనదని నేను భావిస్తాను. ఆ భవనం ముందరి చౌకు నేడు ఆయన పేరుతోనే పిలువబడుచున్నది.

రెండుసార్లు శత్రువులు కాల్చిన గ్రంథాలయం మూడవసారి స్వజనుల చేత చీలినది. ఇది ఈ నగరం మనకు చెప్పే ముఖ్యమైన కథ. బెల్జియం దేశంలో డచ్ మాటలాడే ఫ్లెమిష్ ప్రజలు సంఖ్యలో ఎక్కువయ్యును, న్యాయస్థానం, సైన్యం, ఉన్నత విద్య ఫ్రెంచి భాషలో నడిచెడివి. చట్టాలలో డచ్‌కు ఫ్రెంచితో సమాన ప్రతిపత్తి 1898లో గాని రాలేదు. పూర్తిగా డచ్‌లో బోధించే తొలి విశ్వవిద్యాలయం గెంట్‌లో 1930లో గాని ఏర్పడలేదు. లూవెన్‌లో రెండు భాషల శాఖలు ప్రక్కప్రక్కనే ఉండెడివి. 1962-63లో భాషా సరిహద్దు చట్టబద్ధమైన తరువాత, డచ్ ప్రాంతంలో ఫ్రెంచి శాఖ ఎందుకన్న ఆందోళన పెరిగినది. 1968 ఫిబ్రవరిలో ఈ ప్రశ్న మీద ప్రభుత్వమే పడిపోయినది. ఫ్రెంచి శాఖ భాషా సరిహద్దుకు ఆవల పొలాల మధ్య ఒక కొత్త నగరం కట్టుకొన్నది. దానికి 'కొత్త లూవేఁ' అని పేరు. అప్పుడు గ్రంథాలయాన్ని పంచుకొనవలసి వచ్చినది. ఏ పుస్తకం ఎవరిదో తేల్చలేని చోట వరుస సంఖ్యను ఆశ్రయించినారు. బేసి సంఖ్య గలవి ఇక్కడ ఉండినవి. సరి సంఖ్య గలవి అక్కడికి పోయినవి.

దీనిపై నా అభిప్రాయం సూటిగా చెప్పుతాను. ఫ్లెమిష్ విద్యార్థుల కోరిక న్యాయమైనది. తన ఊరిలో తన భాషలో ఉన్నత విద్య కావలెనని అడుగుట సంకుచితత్వం కాదు. రెండు విశ్వవిద్యాలయాలు విడిపోయి చెడలేదు. రెండును వృద్ధి పొందినవి, ఆరు వందల ఏండ్ల పండుగను రెండును తమదిగానే జరుపుకొన్నవి. కాని పుస్తకాలను సరి బేసిగా పంచుట మాత్రం నా మనసు ఒప్పుకొనదు. పొలం పంచుకొనవచ్చును, ఇల్లు పంచుకొనవచ్చును. గ్రంథాల పరస్పర సంబంధాన్ని పంచుకొనలేము. భాషాభిమానానికి న్యాయం చేయుటలో విద్యకు అన్యాయం చేయకుండ ఉండుట సాధ్యమే. దానికి ఓర్పు కావలెను.

ఈ కథ మనకు దూరమైనది కాదు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ బోధనాభాషగా నెలకొన్నది. భారతీయ భాష వైద్యాన్ని, గణితాన్ని, తర్కాన్ని మోయగలదని లోకానికి చాటిన సాహసమది. గెంట్‌లో డచ్ బోధన సంపూర్ణమగుటకు పండ్రెండేండ్ల ముందే ఇది జరిగినది. అందుకై అనువాద శాఖ శ్రమించి వందలాది గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చినది. అదే కాలంలో ఈ నేల మీద అధిక సంఖ్యాకుల భాషయైన తెలుగుకు ఆ గౌరవం దక్కలేదన్నది కూడ సత్యమే. తరువాత బోధనాభాష ఆంగ్లమైనది. ఆ ఉర్దూ గ్రంథాలు పాఠకులు లేక అరలలో మిగిలినవి. ఉర్దూవారు గర్వించవలసినది, తెలుగువారు బాధపడవలసినది, ఇరువురును నష్టపోయినది ఒకే చరిత్రలో ఉన్నవి. లూవెన్ వీధులలో నడిచే మన విద్యార్థి ఫ్లెమిష్ పక్షమో ఫ్రెంచి పక్షమో వహించే ముందు ఈ రెండు ముఖాలను తలచుకొనవలెను.

ఇట్టి ఆలోచనకు ఒక సజీవమైన ఉదాహరణ ఫాదర్ కామిల్ బుల్కే. 1909లో ఫ్లెమిష్ గ్రామంలో పుట్టి, లూవెన్‌లో ఇంజనీరింగు చదివి, విద్యార్థి దశలోనే తన మాతృభాష కోసం సాగిన ఉద్యమ ప్రభావానికి లోనైనాడు. 1935లో భారతదేశానికి వచ్చి, ఇక్కడ చదువుకొన్నవారు తమ భాషలను చిన్నచూపు చూచుట గమనించి, హిందీని తన జీవితకార్యంగా స్వీకరించినాడు. రామకథ పుట్టుక, వికాసాలపై అలహాబాదు విశ్వవిద్యాలయంలో ఆయన చేసిన పరిశోధన ప్రసిద్ధమైనది. ఆయన ఆంగ్ల-హిందీ నిఘంటువు 1968లో వెలువడినది. లూవెన్‌లో భాషా కలహం మిన్నుముట్టిన సంవత్సరమే అది. 1974లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చినది. తన భాషపై నిజమైన ప్రేమ గలవాడు పరుల భాషను ద్వేషించడనుటకు ఇంతకంటె నిదర్శనం ఏమి కావలెను?

విద్యార్థినులు ప్రత్యేకంగా చూడవలసిన స్థలం ఒకటి ఉన్నది. అది డైల్ నది పాయల మీద ఉన్న గొప్ప బెగీన్ వాడ. పదమూడవ శతాబ్దం నుండి ఇక్కడ బెగీన్లు అనే స్త్రీలు కలిసి జీవించినారు. వారు దైవచింతన గలవారే గాని ఆజన్మ ప్రతిజ్ఞలు చేసిన సన్యాసినులు కారు, కావలసినచో వెడలిపోవచ్చును. తమ శ్రమతో తామే జీవిక గడుపుకొన్నారు. శిథిలమగుచున్న ఈ వాడను విశ్వవిద్యాలయం 1962లో కొని, బాగుచేయించి, విద్యార్థులకు, అతిథి పండితులకు నివాసంగా చేసినది. 1998లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది. పాత కట్టడాన్ని కాపాడుటకు దానికి తాళం వేయుట మార్గం కాదు. అందులో దీపం వెలిగించే మనుష్యులను ఉంచుటయే మార్గం. అక్కడ ఇప్పుడు జనం నివసిస్తున్నారు గనుక మెల్లగా మాట్లాడుచు నడువవలెను.

"ఇంత చదివి పోవుటకు అది పరీక్షయా? యాత్ర వినోదం కోసం గదా" అని కొందరు ఆక్షేపించవచ్చును. వినోదాన్ని నేను నిషేధించుట లేదు. ఈ ఊరి పాత అంగడి చౌకులో సాయంకాలం వేలాది విద్యార్థులు కూర్చొని కబుర్లు చెప్పుకొంటారు; అది కూడ చూడదగినదే. కాని ఏమియు తెలియకుండ చూచిన దానికంటె తెలిసి చూచినది ఎక్కువ ఆనందమిస్తుందని నా వాదం. రాగం తెలిసిన వానికి పాటలో ఆనందం తగ్గదు గదా. జాబితా వ్రాసుకొని పోవుట కంటె ఒక ప్రశ్న వ్రాసుకొని పోవుట మేలు. "రెండు భాషల వారు ఒక విద్యాలయాన్ని ఎట్లు పంచుకొనవలెను?" అనునది లూవెన్‌కు పోయే మన విద్యార్థికి తగిన ప్రశ్న.

కళాశాల పాలక సంఘం వారికి రెండు మనవులు. మొదటిది, విదేశాలకు పోయే విద్యార్థి బయలుదేరే ముందు ఆ దేశాన్ని గురించి ఒక గంట మన సభలో ప్రసంగించే ఏర్పాటు చేయవలెను. పోయి వచ్చిన తరువాత మరొక గంట. చెప్పవలసి ఉన్నదని తెలిసినవాడు చదువుతాడు, చూస్తాడు. దీనికి ఖర్చు లేదు. రెండవది మన గ్రంథాలయం విషయం. ఉర్దూ గ్రంథాలకు, తెలుగు గ్రంథాలకు జాబితా ఒకటే ఉండవలెను. ప్రతి ఉర్దూ గ్రంథం పేరు తెలుగు లిపిలోను, ప్రతి తెలుగు గ్రంథం పేరు ఉర్దూ లిపిలోను వ్రాయించవలెను. ఈ పని రెండు శాఖల విద్యార్థులు జతలుగా కూర్చొని ఒక వేసవిలో ముగించగలరు. ప్రక్క అరలో ఏమున్నదో పేరైనా చదువలేనివాడు ఆ అరను తనదని ఎట్లు అనుకొనును? మన గ్రంథాలయాన్ని ఎవరును కాల్చలేదు, ఎవరును పంచలేదు. కాని ఒకరి పుస్తకాలను మరొకరు తెరువకున్నచో, గోడ కట్టకుండనే అది రెండుగా చీలినట్లే. ఈ సంవత్సరం నుండే ఆ జాబితా పని ప్రారంభం కావలెనని కోరుచున్నాను.